మట్టి కోర్టు తీసేసి సింథటిక్ వేయించాలా?

ఎంవీపీ_బ్యాక్‌హ్యాండ్: కాలనీ మట్టి టెన్నిస్ కోర్టు తవ్వేసి సింథటిక్, అంటే కాంక్రీటు మీద అక్రిలిక్ రంగు పూసిన హార్డ్‌కోర్టు, వేయించాలన్న ప్రతిపాదనకే నా ఓటు. యూఎస్ ఓపెన్ గడ్డి వదిలేసి 1975 నుంచి మూడేళ్లు మట్టి మీద ఆడించి, 1978లో హార్డ్‌కోర్టుకి వెళ్లిపోయింది. ఆస్ట్రేలియన్ ఓపెన్ 1988లో. మనం మాత్రం ఇంకా రోలర్ లాగుతూ కూర్చోవాలా?

రోలర్_మాస్టారు: ఎర్ర కోర్టు పుట్టిందే ఎండ వల్ల. 1880ల్లో ఫ్రాన్స్‌లోని కాన్‌లో మాడిపోతున్న గడ్డి మీద ఇంగ్లండ్ టెన్నిస్ ఆటగాళ్లు రెన్‌షా సోదరులు కుండపెంకుల పొడి చల్లించారని చెబుతారు. ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాండ్ గారోస్‌లో పైన కనబడే ఇటుకపొడి ఒకటి రెండు మిల్లీమీటర్లే. అసలు కోర్టంతా దాని కిందే ఉంది: సున్నపురాయి పొడి, కాలిన బొగ్గు చిట్టెం, కంకర, రాళ్లు. తేమ పట్టి ఉంచేది సున్నపురాయి, నీళ్లు వదిలేది కంకర. మనమేమో మట్టి మీద మట్టి పోసి, బురదైందని మట్టిని తిడుతున్నాం.

భీమిలి_డ్రాప్‌షాట్: ఎర్రమట్టి దిబ్బలు పక్కనే ఉన్నాయిగా, రెండు లారీలు తోలిస్తే?

రోలర్_మాస్టారు: వాటి జోలికెళ్లకు బాబూ, అది భూవారసత్వ స్థలం. పైగా చాలావరకు ఎర్రబారిన ఇసుక. ఎంత తడిపి తొక్కించినా పట్టు కట్టదు, మొదటి స్లైడ్‌కే లేచిపోతుంది.

ఎంవీపీ_బ్యాక్‌హ్యాండ్: సరే మాస్టారూ, జూన్‌లో మొదలైన వాన తుపాన్లతో కలిపి నవంబరు దాకా వదలదు. సింథటిక్ అయితే వైపర్‌తో నీళ్లు లాగేసి ఆడుకోవచ్చు.

కంకర_కబుర్లు: సరిగ్గా వేస్తేనే. కాంక్రీటు కింద మందపాటి పాలిథిన్ షీటు లేకపోతే నేల తడి పైకొచ్చి రంగు పొక్కి, పెచ్చులుగా ఊడుతుంది. కాంక్రీటు పోశాక 28 రోజులు ఆగకుండా అక్రిలిక్ డబ్బా మూత తియ్యకండి. రంగుకి ముందు కోర్టంతా నీళ్లతో ముంచి, గంటాగి, మడుగు కట్టిన చోట రూపాయి బిళ్ల పెట్టండి. మునిగిందా, అక్కడ లెవెల్ నింపాల్సిందే. బేరంలో మొదట ఎగిరిపోయేది ఈ పరీక్షే!

రోలర్_మాస్టారు: పొద్దున ఆడేవాళ్లలో సగం మంది అరవై దాటినవాళ్లు. మట్టి మీద కాలు జారి ఆగుతుంది; సింథటిక్ మీద టక్కున ఆగి, ఆ దెబ్బ మోకాలికి పోతుంది. దాని సంగతి?

కంకర_కబుర్లు: రంగు కింద రబ్బరు పొరలు వేస్తే కొంత తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. అంతకంటే ముందు వాలు తేల్చండి. చుట్టూ ఖాళీతో కలిపి స్థలం 36.57 × 18.29 మీటర్లు. 1 శాతం వాలు, అదీ ఒకే దిక్కుకి. అడ్డంగా పెడితే రెండు అంచుల ఎత్తులో తేడా 18 సెంటీమీటర్లు, పొడవునా అయితే 37. మన కాలువేమో ఉత్తరం గోడ పక్కన ఉంది, నీళ్లు అటే పోవాలి.