ఐవీఎఫ్‌లో మిగిలిన ఎంబ్రియోలని (పిండాలని) ఏం చేయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం, మా ఆవిడ వాళ్ళది గుంటూరు వైపు క్యాథలిక్ ఫ్యామిలీ, నాకు దేవుడి పట్టింపు పెద్దగా లేదు. ఐవీఎఫ్‌తో పాప పుట్టింది, కొన్ని ఎంబ్రియోలు ఇంకా ఫ్రీజింగ్‌లోనే ఉన్నాయి, ఇంకో కాన్పుకి తన హెల్త్ ఒప్పుకోదు. ఐవీఎఫ్ లాంటి ట్రీట్‌మెంట్ల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం 10 ఏళ్ళకి మించి ఉంచకూడదంట, తర్వాత వాటంతటవే నశించిపోయేలా వదిలేయడమో మన కన్సెంట్‌తో రీసెర్చ్‌కి ఇవ్వడమో. రీసెర్చ్‌కి ఇస్తే ఎవరికైనా పనికొస్తాయి కదా అని నేను, అవి ప్రాణాలే అని తను. 1987లోనే వాటికన్ ఐవీఎఫ్ కూడా తప్పే అంది కాబట్టి చర్చిలో ఫాదర్‌ని అడగాలన్నా భయపడుతోంది (అత్తయ్యగారికి అసలు ఐవీఎఫ్ సంగతే తెలీదు, తెలిస్తే అదింకో గొడవ).

ఇలాంటి పరిస్థితిలో ఉన్న క్యాథలిక్ జంటలు ఏం చేశారు? ఫాదర్‌తో మాట్లాడితే ఎలా రియాక్ట్ అయ్యారు? ఇక్కడ తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ ఎవరైనా ఉన్నారా? మతాన్ని తిడుతూ మాత్రం రాయొద్దు, తను కూడా చదువుతుంది.