‘ఆఫ్ చేసి ఆన్ చేశామండీ’ అన్న మాటను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: మారతహళ్ళి, హెల్ప్ డెస్క్ ఉద్యోగి

నేను అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి, ఒక సంస్థ హెల్ప్ డెస్క్‌లో చేరి పద్నాలుగు నెలలైంది. మాకు ఫోన్ చేసేవారు బయటివారు కారు, మా సంస్థ శాఖల్లో లెక్కలు రాసేవారు, గిడ్డంగులు చూసేవారే. కన్నడ, తమిళ కాల్స్‌కు వేరే వారున్నారు. కర్నూలు, నెల్లూరు వైపు నుంచి వచ్చేవి నా వంతు. భాష ఒకటే కదా, పని తేలిక అనుకున్నాను. కానీ బ్రౌజర్ ఏదని అడిగితే గూగుల్ అంటారు. రైట్ క్లిక్ చేయమంటే తెర కుడి అంచుకు వెళ్ళి నొక్కి, ఏమీ రాలేదంటారు. ఇవన్నీ నవ్వుకుని సర్దుకోగలను.

సర్దుకోలేనిది ఒక్కటే. కంప్యూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా అంటే, ‘పొద్దున్నే చేశామండీ, రెండుసార్లు చేశాం’ అని ఎంతో నమ్మకంగా చెబుతారు. తీరా రిమోట్‌లో, అంటే ఇక్కడి నుంచే వారి కంప్యూటర్‌లోకి, వెళ్ళి టాస్క్ మేనేజర్ తెరిస్తే, అందులో అప్ టైమ్, అంటే కంప్యూటర్ ఆగకుండా నడుస్తున్న కాలం, 23 రోజులని కనిపిస్తుంది. వారు మా నాన్నగారి వయసువారు కనుక నిలదీయడానికి నోరు రాదు. నిలదీయకుండా మింగుకుంటే ఆ చిరాకు తర్వాతి కాల్ మీదికి పోతోంది. ఇంత చిన్న విషయానికి అబద్ధమెందుకు చెబుతారు? వారిని నొప్పించకుండా నిజం రాబట్టే మార్గం ఏమైనా ఉందా?

జవాబు: ఎలక్ట్రానిక్ సిటీ, పదకొండేళ్ళుగా ఇదే పని

వారిలో చాలామంది మీకు నిజమే చెప్పారు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. 10, 11లలోనూ చాలా కంప్యూటర్లలో అది మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. షట్ డౌన్ నొక్కినప్పుడు మనం తెరిచినవన్నీ మూసుకుంటాయి గానీ, విండోస్ లోపలి భాగాన్నీ, ప్రింటర్ లాంటి పరికరాలను నడిపించే డ్రైవర్లనే ప్రోగ్రాములనూ ఉన్నవి ఉన్నట్టే డిస్క్‌లో ఒక ఫైల్‌గా దాచిపెట్టి, మళ్ళీ ఆన్ చేసినప్పుడు దాన్నే తిరిగి ఎత్తుకుంటుంది. కంప్యూటర్ త్వరగా లేవడానికి చేసిన ఏర్పాటిది. అందువల్ల మొరాయించిన ప్రింటర్ డ్రైవర్ రాత్రి ఎలా పడుకుందో ఉదయం అలాగే లేస్తుంది, అప్ టైమ్ లెక్క కూడా సున్నాకు రాదు. రీస్టార్ట్ అలా కాదు, అది అంతటినీ మొదటి నుంచి తెస్తుంది. పూర్తిగా ఆపడం కంటే రీస్టార్ట్ చేయడమే లోతైన పని అని ఎవరికి మాత్రం తోస్తుంది? నాకే ఈ సంగతి రెండేళ్ళు తెలియలేదు. అప్పటిదాకా ఎంతమందిని మనసులో తిట్టుకున్నానో.

షిఫ్ట్ కీ పట్టుకుని షట్ డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది, కానీ ఫోన్‌లో దాన్ని చెప్పి చేయించడం కంటే రీస్టార్ట్ చేయించడమే సులువు. అసలు ఆ ఏర్పాటునే అన్ని కంప్యూటర్లలో తీసేయించమని మీ టీమ్ లీడ్‌ను అడగండి. ఇక మాట విషయానికి వస్తే, ‘చేశారా’ అని అడగడం మానండి. ఆ ప్రశ్నకు అవును, కాదు తప్ప వేరే జవాబు లేదు, కాదంటే తప్పు తమదవుతుందని వారి భయం. ‘పవర్ గుర్తు నొక్కితే ఏమేం పేర్లు వచ్చాయో చదివి వినిపించండి’ అనండి. మానిటర్ బటన్ నొక్కి కంప్యూటర్ ఆపామనుకునేవారు కూడా అప్పుడే బయటపడతారు.

జవాబు: జయనగర్, అకౌంట్స్ ఉద్యోగిని

నేను ఫోన్‌కు అవతలి వైపు ఉండే మనిషిని. ఇరవై ఏళ్ళుగా లెక్కల్లో పైసా తేడా రానివ్వని నాకు, మీ కాల్ కలిసేసరికి చేతులు వణుకుతాయి. మీరు నోటితో ఏమీ అనకపోయినా, మీ నిట్టూర్పు మాకు వినిపిస్తుంది బాబూ. ‘నేనేమీ ముట్టుకోలేదు, దానంతట అదే పోయింది’ అని మేమనడం ఆ నిట్టూర్పుకు భయపడే.

ఆ మధ్య పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ నా అకౌంట్ గంటలోపే లాక్ అయ్యేది. నాలుగుసార్లు ఫోన్ చేస్తే నలుగురు తెరిచి, సమస్య తీరిందని రాసుకుని టికెట్ (నా ఫిర్యాదు నమోదు) మూసేశారు. ఐదోసారి దొరికిన అమ్మాయి మాత్రం, ‘ఆంటీ, ఆఫీసు మెయిల్ మీ ఫోన్‌లో కూడా చూస్తారా?’ అని అడిగింది. ఫోన్‌లో ఉండిపోయిన పాత పాస్‌వర్డే మాటిమాటికీ తలుపు తట్టి అకౌంట్‌ను మూయిస్తోందట. ఆ ఒక్క ప్రశ్న మొదటి నలుగురిలో ఎవరికీ ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జవాబు: వైట్‌ఫీల్డ్

ఎందుకు తట్టలేదో నేను చెబుతానండీ. మా ఫ్లోర్‌లో కాల్‌కు ఎనిమిది నిమిషాలు దాటితే గోడ మీది తెరలో మన పేరు ఎర్రబడుతుంది. అకౌంట్ తెరవడానికి రెండు నిమిషాలు చాలు, కారణం వెతకడానికి ఇరవై కావాలి. ఓపిక గురించి శిక్షణ ఇచ్చేవారు ఆ గడియారం మాట ఎత్తరు. అన్నట్టు, నిజంగా అబద్ధమాడేవారు కూడా ఉన్నారు. అందరినీ దేవుళ్ళను చేయకండి.

ప్రశ్న అడిగినవారు, వారం తర్వాత

చదివి వినిపించమని అడగడం మొదలుపెట్టాను. కర్నూలు గిడ్డంగి నుంచి ఒక పెద్దాయన ‘స్లీప్, షట్ డౌన్, రీస్టార్ట్’ అని చదివి, ‘వీటిలో రెండోదేనయ్యా నేను రోజూ ఇంటికి పోయేముందు నొక్కేది’ అన్నారు. ఇన్ని నెలలుగా ఆయన మీద పెంచుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తోచలేదు. మూడోది నొక్కించగానే ప్రింటర్ పనిచేసింది. కాల్ మాత్రం పదకొండు నిమిషాలు పట్టింది. ఫాస్ట్ స్టార్టప్ తీసేయమని మా లీడ్‌ను అడిగితే, అది వేరే టీమ్ పని, టికెట్ వేయమన్నారు. సోమవారం వేశాను, ఇంకా ఎవరూ తీసుకోలేదు.