‘గ్రాండ్‌ఫాదర్ క్లాజ్’కి తెలుగులో ఏ మాట వాడాలి?

ప్రశ్న

అమెరికాలో నల్లజాతివారి ఓటు హక్కు పోరాటం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ‘గ్రాండ్‌ఫాదర్ క్లాజ్’ పదే పదే వస్తోంది. ‘తాత నిబంధన’ అంటే పాఠకుడికి ఏమీ అందదు. ‘వారసత్వ నిబంధన’ అంటే ఆస్తి పంపకాల వ్యవహారంలా ఉంది. ప్రస్తుతానికి ‘వారసత్వ నిబంధన ద్వారా నల్లజాతివారి ఓటు హక్కు తీసేశారు’ అని రాశాను. మెరుగైన మాట ఉంటే చెప్పండి.

జవాబు

మాట సంగతి తర్వాత చూద్దామండీ, ముందు ఆ వాక్యాన్ని సరిచేయాలి. ఈ క్లాజ్ ఎవరి ఓటూ తీసెయ్యలేదు. ఓటు తీసినవి అక్షరాస్యత పరీక్ష, ఆస్తి షరతు, పోల్ ట్యాక్స్ (మనిషికింత అని వేసే పన్ను). ఆ వలలో తెల్లవాళ్లు కూడా పడుతున్నారని వాళ్లను తప్పించడానికి, తాతకో తండ్రికో ఒకప్పుడు ఓటుంటే చాలని పెట్టిన దొడ్డిదారి ఇది. ఇంగ్లీషు పుస్తకాల్లోనూ ఈ రెండింటినీ కలిపేసి రాయడం కనిపిస్తుంది.

లూసియానా 1898 రాజ్యాంగంలో 197వ అధికరణం తీసుకోండి. ఓటరుగా నమోదు కావాలంటే చదవడం, రాయడం వచ్చి ఉండాలి. లేదంటే కనీసం 300 డాలర్ల ఆస్తి ఉండాలి. చదువు వచ్చని రుజువు చేసుకోవడానికి, ఎవరి సాయమూ లేకుండా సొంత చేతిరాతతో దరఖాస్తు రాయాలి. అందులో వయసును ఇన్నేళ్లు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు అని లెక్కగట్టి రాయాలి. బానిసగా పుట్టినవాడికి పుట్టినతేదీ కాగితం ఎక్కడిది? లెక్క ఒక్క రోజు తప్పినా తోసిపుచ్చడానికి రిజిస్ట్రార్‌కి సాకు దొరికినట్టే.

చదువురాని, ఆస్తిలేని తెల్లవాళ్లూ ఆ రాష్ట్రంలో తక్కువేం కాదు. వాళ్ల కోసం అదే అధికరణంలో 5వ సెక్షన్ చేర్చారు. 1867 జనవరి 1న గానీ అంతకు ముందు గానీ ఓటు హక్కు ఉన్నవాడికీ, అలాంటివాడి కొడుక్కీ, మనవడికీ చదువు, ఆస్తి షరతులు వర్తించవు. 1898 సెప్టెంబర్ 1 లోపు నమోదు చేయించుకుంటే చాలు. 1867 జనవరి 1 అన్న తేదీ ఊరికే ఎంచుకున్నది కాదు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత దక్షిణాదిలో నల్లజాతి మగవాళ్లకు ఓటు ఇప్పించిన పునర్నిర్మాణ చట్టం వచ్చింది 1867 మార్చి 2న. అందుకే దానికి రెండు నెలల ముందు తేదీ పెట్టారు. జాతి, రంగు, పూర్వపు దాస్యస్థితి కారణంగా ఓటు నిరాకరించకూడదని 1870లో అమెరికా రాజ్యాంగానికి 15వ సవరణ వచ్చేసింది కాబట్టి చట్టంలో ‘నల్లవాడు’ అని రాసే వీల్లేదు. ఆ పని తేదీ చేసిపెట్టింది.

లూసియానాలో నమోదైన నల్లజాతి ఓటర్లు 1896లో 1,30,334 మంది. 1900 నాటికి 5,320 మంది.

స్పందన

మన సామెత ఉండనే ఉంది కదా, ‘మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ అని. ‘నేతి మూతి నిబంధన’ అంటే తెలుగు పాఠకుడికి వెంటనే పట్టుబడదా?

జవాబు

వద్దండీ. ఆ సామెత ఉత్త గొప్పలు చెప్పుకునేవాడిని వెక్కిరించడానికి పుట్టింది. ఆ మాటలకు ఊళ్లో ఎవడూ విలువ ఇవ్వడు కాబట్టే వెక్కిరింత. ఇక్కడ తాత ఓటుని చూపిస్తే మనవడికి నిజంగానే ఓటు వచ్చింది, చూపించలేనివాడు చదువు, ఆస్తి షరతుల వలలోనే మిగిలాడు. ఒక తరం మొత్తాన్ని పోలింగ్‌కి దూరం చేసిన చట్టాన్ని వెక్కిరింత మాటతో చెబితే దాని బరువు పోతుంది.

నా సూచన ‘తాతతండ్రుల ఓటు నిబంధన’. లూసియానా పాఠంలో తాత ఒక్కడే లేడు, తండ్రి కూడా ఉన్నాడు. తండ్రికి ఓటున్నా సరిపోతుంది. ఇంగ్లీషువాళ్లు పేరులో తాతను మాత్రమే మిగుల్చుకున్నారు. మనకు ‘తాతతండ్రుల నాటి’ అనే జంటమాట వాడుకలో సిద్ధంగా ఉంది. ‘ఓటు’ అని చేర్చితే ఆస్తి గొడవ అనుకునే ప్రమాదమూ తప్పుతుంది.

స్పందన

మంచి మాట. అయితే అన్ని రాష్ట్రాలకూ ఒకే కొలత సరిపోదు. నార్త్ కరోలినా 1900 రాజ్యాంగ సవరణలో కొడుకు, మనవడు అని లేదు, ‘నేరుగా వంశంలో పుట్టినవాడు’ అని ఉంది. నమోదుకు గడువు 1908 డిసెంబర్ 1 దాకా ఇచ్చారు. పైగా ఆ రాష్ట్రంలో 1835 వరకు స్వతంత్రులైన నల్లజాతివారికి ఓటు ఉండేది. కాబట్టి అలాంటివారి వంశస్థులు కొందరికి ఆ క్లాజ్ కాగితం మీద వర్తిస్తుంది. చట్టం రాసినవాళ్లు ఎంత జాగ్రత్తపడినా మిగిలిన సందు అది. మీ వ్యాసం ఏ రాష్ట్రం గురించో చూసుకుని తేదీ, బంధుత్వం రెండూ ఆ రాష్ట్రపువే రాయండి. ఓక్లహోమాలో తేదీ కూడా వేరు, 1866 జనవరి 1.

స్పందన

సందర్భం వచ్చింది కాబట్టి ‘పోల్ ట్యాక్స్’ గురించి కూడా. దీన్ని ‘ఓటు పన్ను’, ‘పోలింగ్ పన్ను’ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడ ‘పోల్’ అంటే తల. ఆస్తితో, ఆదాయంతో నిమిత్తం లేకుండా మనిషికింత అని వేసేది తలపన్ను. అది కట్టిన రసీదు ఉంటేనే ఓటు అని షరతు పెట్టారు. ‘ఓటు పన్ను’ అంటే పోలింగ్ బూత్ దగ్గర డబ్బు వసూలు చేశారని పాఠకుడు అనుకుంటాడు. ‘ఓటుకు ముడిపెట్టిన తలపన్ను’ అని ఒకసారి విప్పి రాసి, ఆ తర్వాత ‘తలపన్ను’ అని వాడుకోండి. జాతీయ పదవుల ఎన్నికల్లో దీన్ని 1964లో 24వ సవరణ రద్దు చేసింది. రాష్ట్ర ఎన్నికల్లో 1966లో సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్క సందేహం. అమెరికాలో మన ఐటీవాళ్లు పాత ఫోన్ ప్లాన్ కొనసాగితే ‘గ్రాండ్‌ఫాదర్ అయింది’ అంటుంటారు. అదీ ‘తాతతండ్రులే’ అనాలా?

జవాబు

అక్కర్లేదండీ. అక్కడ వంశం ప్రసక్తే లేదు, తేదీ ఒక్కటే మిగిలింది. కొత్త నియమం వచ్చినా పాతవాళ్లకు పాత పద్ధతే అన్న అర్థం. ఆంధ్రలో 2004 సెప్టెంబర్ 1కి ముందు ఉద్యోగంలో చేరినవారికి పాత పెన్షన్ ఉన్నట్టు. ‘పాతవారికి మినహాయింపు’ అంటే చాలు. ఆ మాట పుట్టుక తెలిసి దాన్ని మానుకున్నవాళ్లూ ఉన్నారు. 2020లో మసాచుసెట్స్ అప్పీల్స్ కోర్టు ఒక జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో చెప్పే నియమాల) కేసు తీర్పులో, దీని మూలం జాతివివక్షలో ఉంది కాబట్టి వాడబోమని రాసింది. మీ వ్యాసంలో రెండు అర్థాలూ వస్తే రెండిటికీ ఒకే తెలుగు మాట పెట్టకండి. పెడితే 1898 నాటి క్లాజ్ ఫోన్ ప్లాన్ అంత అమాయకంగా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇలా మార్చాను, చూడండి: ‘చదువు, ఆస్తి షరతులతో నల్లజాతివారి ఓటు తీసేసి, అవే షరతుల్లో చిక్కుకున్న తెల్లవారిని తాతతండ్రుల ఓటు నిబంధనతో బయటపడేశారు. 1915లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయడంతో నల్లజాతివారికి ఓటు తిరిగి వచ్చింది.’

జవాబు

మొదటి వాక్యం చక్కగా కుదిరింది. రెండోది మార్చాలి. 1915లో గిన్ కేసులో ఓక్లహోమా క్లాజ్‌ని ఏకగ్రీవంగా కొట్టేసిన మాట నిజమే. ఎన్నికల అధికారులు ఇద్దరికి పడిన శిక్షలూ నిలబడ్డాయి. ఓటు మాత్రం తిరిగి రాలేదు. మరుసటి ఏడాదే ఓక్లహోమా కొత్త చట్టం చేసింది. 1914లో, అంటే ఆ క్లాజ్ అమల్లో ఉన్నప్పుడు, ఓటు వేసినవారందరూ ఆపాటికే నమోదైనట్టు లెక్క. మిగతావారు 1916 ఏప్రిల్ 30 నుంచి మే 11 లోపు, ఆ 12 రోజుల్లో, నమోదు చేయించుకోవాలి. తగిన కారణం లేకుండా తప్పిపోతే జన్మలో ఓటు లేదు. దాన్ని కొట్టేయడానికి 1939 దాకా పట్టింది, లేన్ కేసులో. అక్షరాస్యత పరీక్షల పట్టు సడలింది 1965 ఓటు హక్కు చట్టంతో. అందుకని ‘కొట్టేసింది’ దగ్గర వాక్యం ఆపేసి, 1916 చట్టంతో తర్వాతి వాక్యం మొదలుపెట్టండి.