కాలు తీయకుండా సర్కోమా ఆపరేషన్: చేయించుకున్నవారు ఉన్నారా?

సుజాత:
మా తమ్ముడి తొడలో లోతుగా పెరిగిన గడ్డకు సూదితో బయాప్సీ చేశారు. సైనోవియల్ సర్కోమా అని తేలింది. సర్కోమా అంటే కండ, కొవ్వు వంటి మెత్తటి భాగాల్లో పుట్టే క్యాన్సర్, ఇది అందులో ఒక రకమట. ముందు రేడియేషన్, ఆ తర్వాత గడ్డ వరకే ఆపరేషన్, కాలికి ఢోకా లేదు అన్నారు సర్జన్. మా పెదనాన్నగారికి మాత్రం ఇది మింగుడు పడటం లేదు. "కాలు చూసుకుంటే ప్రాణం ఎవరు చూస్తారు?" అని ఒకటే పట్టు. ఇంట్లో రోజూ ఇదే రభస. ఈ దారిలో నడిచినవారు ఉంటే చెప్పండి. ఇంకొకటి, ఆ సర్జన్ పరిశోధనంతా సర్కోమా, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీదేనట. కండల్లో వచ్చేదానికీ చర్మం మీద వచ్చేదానికీ ఏమిటి పొత్తు?

రామ్మోహన్:
సుజాత గారూ, మీ పెదనాన్నగారి అనుమానం ఒకప్పుడు డాక్టర్లందరిదీ. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టీవెన్ రోజెన్‌బర్గ్ అనే సర్జన్ దాన్నే పరీక్షకు పెట్టాడు. చేతుల్లోనో కాళ్లలోనో సర్కోమా ఉన్న 43 మందిని చీటీలు తీసినట్టు రెండు వర్గాలుగా విడదీశారు. 16 మందికి ఆ అవయవం తీసేశారు. 27 మందికి గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు. కీమో అందరికీ ఇచ్చారు. 1982లో ఫలితాలు ప్రచురించారు. అవయవం మిగిలినవారిలో నలుగురికి అదే చోట గడ్డ మళ్లీ వచ్చింది, తీసేసినవారిలో ఎవరికీ రాలేదు. అయినా ఎంతకాలం బతికారన్న లెక్కలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఎందుకంటే ఈ జబ్బులో ప్రాణం తీసేది ఎక్కువగా ఊపిరితిత్తులకు పాకిన కణాలు. అవి ముందే పాకి ఉంటే కాలు తీసి లాభమేమిటి?

కిరణ్:
43 మంది మరీ తక్కువ కదండీ. దాన్ని పట్టుకుని ధైర్యం చెప్పేస్తే ఎలా?

రామ్మోహన్:
తక్కువే, కాదనను. ఆ ఒక్కదాన్ని నమ్ముకునే ఎవరూ ఆగిపోలేదు. తర్వాతి దశాబ్దాల అనుభవమూ అటే మొగ్గింది, ఇప్పుడు అవయవం కాపాడటమే మామూలు పద్ధతి. పెద్ద రక్తనాళం, ప్రధాన నరం రెండూ గడ్డలో చిక్కుకుపోయి, తీస్తే పనికొచ్చే కాలు మిగలదనుకున్నప్పుడు ఇప్పటికీ తొలగిస్తారు. అది మొండితనంతో తేల్చే విషయం కాదు, ఎమ్మారై చూసి తేల్చాలి.

మాధవి:
మా ఆయనకు పిక్కలో వచ్చింది. కొవ్వు గడ్డ అనుకుని ఒక డాక్టర్ స్కాన్ కూడా లేకుండా అడ్డంగా కోసి తీసేశారు. రిపోర్టులో సర్కోమా అని వచ్చింది. రెండో సర్జన్ ఆ పాత గాటునూ, ద్రవం బయటికి రావడానికి గొట్టం పెట్టిన రంధ్రాన్నీ, చుట్టూ ఉన్న కండనూ అన్నీ కలిపి తీయాల్సి వచ్చింది. కాలు పొడవునా నిలువుగా కోసి ఉంటే ఇంత చర్మం పోయేది కాదట. తొడ నుంచి చర్మం తెచ్చి అతికారు. మీ తమ్ముడికి ముందే బయాప్సీ చేశారంటే మంచి చేతుల్లో పడ్డట్టే. ఐదు సెంటీమీటర్లు దాటిన గడ్డ, లోతుగా ఉన్న గడ్డ, పెరుగుతున్న గడ్డ కనబడితే కత్తి పట్టకముందే స్కాన్ అడగాలని ఇప్పుడు కనబడినవారికల్లా చెబుతున్నాను.

ఇక రేడియేషన్ ముందే ఇస్తే పుండు ఆలస్యంగా మానుతుంది, దానికి సిద్ధపడండి. మా ఆయనకు ఒక మూల నుంచి చాలా రోజులు నీరు కారింది, రోజూ కట్టు మార్చాం.

రామ్మోహన్:
మాధవి గారు చెప్పింది అక్షరాలా నిజం. 2002లో వచ్చిన కెనడా పరిశోధనలో ముందు రేడియేషన్ తీసుకున్నవారిలో 35 శాతం మందికి గాయం ఇబ్బంది పెట్టింది. తర్వాత తీసుకున్నవారిలో 17 శాతం. మరి ముందే ఎందుకంటే, తక్కువ మోతాదు, తక్కువ మేర సరిపోతుంది. ఏళ్లు గడిచాక కాలు బిగుసుకుపోవడం, వాపు తగ్గుతాయి. పుండు ఎప్పటికైనా మానుతుంది, బిగుసుకున్న కీలు అంత తేలిగ్గా లొంగదు.

ఫణి:
నాది మెలనోమా. మడమ మీద నల్ల మచ్చ, ఆనెకాయ అనుకున్నారందరూ. అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వచ్చే రకానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు, కాబట్టి ఏ రంగువారికీ మినహాయింపు లేదు. ఒకప్పుడు మెలనోమా చుట్టూ ఐదు సెంటీమీటర్లు కోసేవారట. ఇప్పుడు లోతును బట్టి ఒకటో రెండో సెంటీమీటర్లు. నాకు గజ్జల్లో మొదటి కాపలా గ్రంథిని, అంటే క్యాన్సర్ కణాలు పాకితే ముందుగా చేరే లింఫు గ్రంథిని, వెతకడానికి నీలిరంగు ఎక్కించారు. మర్నాడు మూత్రం ఆకుపచ్చగా వస్తే హడలిపోయాను, నర్సు నవ్వి ఊరుకుంది. ఈ పద్ధతిని డోనాల్డ్ మోర్టన్ అనే సర్జన్ 1992లో ప్రకటించాడు. ఆ గ్రంథిలో కణాలు దొరికితే మిగతా గ్రంథులన్నీ ఊడ్చేసేవారు. 2017లో వచ్చిన పెద్ద పరిశోధనలో అలా ఊడ్చినంత మాత్రాన బతికేవారి సంఖ్య పెరగలేదని తేలింది. పైగా అలా తీసినవారిలో 24 శాతానికి కాలో చెయ్యో వాచింది, కనిపెట్టుకుని ఉన్నవారిలో 6 శాతానికే. నాకు కణాలు దొరికాయి. అయినా స్కాన్లతో కనిపెడుతున్నారు, కాలు వాపు లేదు.

కిరణ్:
జ్వరం తెప్పిస్తే సర్కోమా కరుగుతుందని ఎక్కడో చదివాను. అదేమైనా పనికొస్తుందా?

రామ్మోహన్:
ఆ కథ న్యూయార్క్ సర్జన్ విలియం కోలీది. పదిహేడేళ్ల అమ్మాయి చేతిలో సర్కోమా. మోచేతి కింద తీసేసినా ఆమె దక్కలేదు. మీ పెదనాన్నగారికి ఇది కూడా వినిపించండి, సుజాత గారూ. తర్వాత పాత రికార్డులు తిరగేస్తే, మెడ సర్కోమా ఉన్న ఒకరికి చర్మానికి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ సోకాక గడ్డ మాయమైందని కనబడింది. 1891 నుంచి ఆయన రోగులకు బ్యాక్టీరియా ఎక్కించాడు, తర్వాత చంపిన బ్యాక్టీరియా. కొందరికి తగ్గింది, చాలామందికి లేదు, ప్రమాదమూ ఉంది. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి.

సుజాత గారూ, సర్కోమాకూ మెలనోమాకూ ఏమిటని మీరడిగిన పొత్తుకు జవాబు ఇక్కడే ఉంది. రెండింటిలోనూ పాత కీమో మందుల బలం అంతంతమాత్రం, అందుకే సర్జన్లు శరీరపు రక్షణ కణాల వైపు చూశారు. 1988లో రోజెన్‌బర్గ్ మెలనోమా ముక్కల్లోని రక్షణ కణాలను బయట పెంచి తిరిగి ఎక్కించాడు. 2011లో ఆయన బృందం క్యాన్సర్ కణాల్లోని ఎన్‌వై-ఈఎస్‌ఓ-1 అనే గుర్తును పట్టే రక్షణ కణాలు తయారుచేస్తే ఆరుగురు సైనోవియల్ సర్కోమా రోగుల్లో నలుగురికి, 11 మంది మెలనోమా రోగుల్లో ఐదుగురికి గడ్డలు కుంచించుకుపోయాయి. ఆ గుర్తు రెండు జబ్బుల్లోనూ ఉంటుంది మరి. 2024లో అమెరికాలో ఈ తరహా కణ చికిత్సలు రెండింటికి అనుమతి వచ్చింది, ఒకటి మెలనోమాకు, మరొకటి సైనోవియల్ సర్కోమాకు (దాని గురి వేరే గుర్తు). అవి ముదిరిన జబ్బుకు, ముందు మందులు వాడినవారికి. మీ తమ్ముడికి ఇప్పుడు అక్కర్లేదు.

సుజాత:
పెదనాన్నగారికి అంతా చదివి వినిపించాను. చేయి తీసినా దక్కని అమ్మాయి దగ్గర కాసేపు ఆగారు. తర్వాత, "గడ్డ మొత్తం వచ్చిందని ఎవరు చెబుతారు? కోసినాయన మాటేనా?" అని అడిగారు.

శ్రీను (ల్యాబ్):
కోసినాయన కాదు, మేం చెబుతాం. గడ్డను చుట్టూ మంచి కండతో సహా తీస్తారు, మొక్కను మట్టితో పెకలించినట్టు. తీసిన ముక్క ఏ వైపు పైకి ఉండేదో తెలియడానికి సర్జన్ దారాలు కుట్టి పంపుతారు. మేం బయటి అంచంతా రంగు సిరా పూసి, ముక్కలు చేసి మైక్రోస్కోపు కింద చూస్తాం. క్యాన్సర్ కణం సిరాను తాకిందా, లేదా, తాకకపోతే ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉంది అని రాస్తాం. ఆ పేజీ కాపీ అడిగి తీసుకోండి. పెదనాన్నగారినీ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లి, ఆ ప్రశ్న ఆయన చేతే అడిగించండి.

సుజాత:
వచ్చే వారం వస్తానన్నారు. కళ్లజోడు మార్పించుకున్నాకే వస్తారట, రిపోర్టు తానే చదువుతారట.