ఒంట్లో ఆక్సిజన్ బిళ్ల పెట్టిస్తారా, సూదే నయమా?

పాపతల్లి, గుంటూరు:
మా పాపకి తొమ్మిదేళ్లు, టైప్ 1 షుగర్, ఒంట్లో ఇన్సులిన్ తయారవదు. రోజుకి నాలుగు ఇన్సులిన్ సూదులు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 2023లో చూపించిన పరికరం గురించి చదివాను. ఇన్సులిన్ చేసే కణాలతో చిన్న బిళ్లని చర్మం కింద అమరుస్తారట, వాటికి కావాల్సిన ఆక్సిజన్ కూడా ఆ బిళ్లే తయారు చేస్తుందట. వస్తే నేను పెట్టిస్తాను. మీరు?

ముప్పైఏళ్ల షుగర్, వరంగల్:
తొందరపడకు చెల్లె. అది ఎలుకల్లో, నెల రోజుల ముచ్చట. మనుషుల్లో ఏమైందో చూడు. బీటా-ఓ2 అనే ఇజ్రాయెల్ కంపెనీ పరికరాన్ని స్వీడన్‌లోని ఉప్సలాలో నలుగురికి పెట్టారు, ఫలితం 2018లో వచ్చింది. రోజూ చర్మం కిందున్న పోర్టులోకి ఆక్సిజన్ నింపాలి. కణాలు బతికినయి గానీ ఇన్సులిన్ చుక్కంత, షుగర్ ఏం మారలే. ఇన్సులిన్ సూది తప్పలేదు, పైనుంచి ఆక్సిజన్ పని ఒకటి. నేను పెట్టించుకోను.

కణజాలం, హైదరాబాద్:
అన్నా, కణాలు బతికాయని మీరే అన్నారు కదా, నాకు అదే పెద్ద విషయం. ఇన్సులిన్ చేసే కణాల గుంపుల్ని లాంగర్‌హాన్స్ పుటికలు అంటారు, అవి క్లోమం బరువులో ఒకటి రెండు శాతమే, కానీ క్లోమానికొచ్చే రక్తంలో 10-15 శాతం వాటికే పోతుంది. అంత ఆకలి వాటిది. మన ఇమ్యూనిటీ వాటిని తినెయ్యకుండా పొరలో మూసేస్తే రక్తనాళాలూ లోపలికి రావు, ఊపిరాడక చస్తాయి. ఎంఐటీ పరికరం ఒంట్లోని నీటి ఆవిరినే విడగొట్టి ఆక్సిజన్ తీస్తుంది, నింపే పని లేదు. ఆక్సిజన్ అందని బిళ్ల పెట్టిన ఎలుకలకి రెండు వారాల్లోపే షుగర్ పెరిగిపోయింది. ఉప్సలాలో పరికరం చుట్టూ మచ్చలాంటి గట్టి కణజాలం పేరుకుంది. నా దృష్టిలో అసలు అడ్డంకి అదే.

ముప్పైఏళ్ల షుగర్, వరంగల్:
ఆ మచ్చ ఎలుకలో నెలకి ఎంత, మనిషిలో పదేళ్లకి ఎంత? పైగా బిళ్లకి కరెంటు బయటి కాయిల్ నుంచి అందాలె. రాత్రి నిద్రలో అది పక్కకి జరిగితే? వెర్టెక్స్ అనే అమెరికా మందుల కంపెనీ దారి చూడు. మూలకణాల నుంచి పెంచిన పుటికల్ని కాలేయంలోకి ఎక్కిస్తే ఏడాదికి 12 మందిలో 10 మంది సూది మానేసిన్రు.

కణజాలం, హైదరాబాద్:
నిజమే. కానీ ఇమ్యూనిటీని అణిచే మందులు వాళ్లు మానకూడదు. తొమ్మిదేళ్ల పాపకి ఆ మందులు జీవితాంతం వేస్తామా? అందుకేగా అదే కంపెనీ అవే కణాల్ని ఇమ్యూనిటీ తాకని డబ్బాలో పెట్టి చూసింది. చాలినంత ఇన్సులిన్ రాక 2025 మార్చిలో ఆపేసింది. మందుల్లేని దారి ఏదైనా ఈ ఆక్సిజన్ చిక్కు దాటే వెళ్లాలి.

పాపతల్లి, గుంటూరు:
అన్నా, మీ భయం అర్థమైంది. కాయిల్ జరిగితే మోగే అలారం ఉంటుందా, మచ్చ పేరుకుంటే బిళ్ల తీసి మళ్లీ పెట్టొచ్చా, ఈ రెండూ వచ్చే నెల డాక్టరు గారిని అడుగుతాను. ఇమ్యూనిటీని అణిచే ఆ మందులకి మాత్రం ఒప్పుకోను, వాటితో జబ్బులు ఇట్టే అంటుకుంటాయి. మామూలు జలుబుకే పాప షుగర్ 400 దాటిన రాత్రి నేను చూశాను.