జాన్ అబ్రహాం మీద తెలుగులో ఏమైనా వచ్చిందా?

హిందీ హీరో కాదండీ, మలయాళ దర్శకుడు. ఎల్ఐసీ ఉద్యోగం వదిలేసి పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, బెంగాలీ దర్శకుడు ఋత్విక్ ఘటక్ దగ్గర పాఠాలు నేర్చుకున్నాయన. తమిళంలో ‘అగ్రహారత్తిల్ కళుదై’ (1977) కూడా ఆయనదే. ‘అమ్మ అరియాన్’ (1986)కి నిర్మాతే లేడు! ఆయన మిత్రులతో కలిసి పెట్టిన ఒడెస్సా బృందం చాప్లిన్ ‘ది కిడ్’ని ఊరూరా ఆడించి, జనం ఇచ్చిన చందాలతోనే సినిమా తీసింది. మరుసటి ఏడాదే కోళికోడ్‌లో మేడ మీంచి పడి ఆయన చనిపోయారు.

ఆ చందాలు ఎలా వసూలు చేశారు, లెక్కలు ఎవరు చూశారు, సినిమా తిరిగి ఆ ఊళ్ళకి ఎలా చేరింది? ఇవి వివరంగా ఉన్న పుస్తకమో వ్యాసమో తెలిస్తే చెప్పండి. ఇంగ్లీషైనా సరే, మలయాళం మాత్రం చదవలేను. సబ్‌టైటిల్స్ ఉన్న మంచి ప్రింటు ఎక్కడ దొరుకుతుందో కూడా చెబితే మీ పేరు చెప్పుకుని చూస్తాను.