పూడ్చిన గని నేలలో మొక్కల వేళ్లు లోపలికి దిగడం లేదు: ఏం చేయాలి?

ఉపరితల గనిని పూడ్చి చదును చేసిన నేలపై తిరిగి పచ్చదనం తెచ్చే పనిలో ఉన్నాను. తవ్వకానికి ముందు తీసిన పైమట్టిని ఐదేళ్లకు పైగా ఎత్తైన కుప్పలుగా ఉంచి, నిరుడు సుమారు 15 సెంటీమీటర్ల మందాన పరిచారు. అన్నేళ్లు గాలి ఆడని కుప్పల్లో వేళ్లకు తోడ్పడే శిలీంధ్రాలు, సహజ విత్తనాలు చాలావరకు నశిస్తాయి. అయినా నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది అడుగుపొర. బరువైన యంత్రాలు పదేపదే తిరగడంతో అది ఎంతగా బిగిసిపోయిందంటే, వాననీరు ఇంకకుండా పారి, పరిచిన ఆ కాస్త పైమట్టిని కూడా కోసుకుపోతోంది. పీకి చూసిన ప్రతి మొక్క వేరూ ఆ పొర దగ్గరే అడ్డంగా తిరిగి ఉంది. పైరైట్ (గాలి, నీరు తగిలితే ఆమ్లాన్ని పుట్టించే ఇనుము-గంధకం ఖనిజం) ఉన్న రాతిపొడి వల్ల నేల ఆమ్లంగా మారి పీహెచ్ 4.5కు పడిపోయిన చోట్ల సున్నం వేయబోతున్నాం.

ఇటువంటి నేలను బాగుచేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి: పైమట్టిని పక్కకు తీసి, అడుగుపొరను మీటరు లోతున చీల్చి మళ్లీ పరచాలా, లేక పైమట్టి ఉండగానే చీల్చవచ్చా? దట్టమైన గడ్డి మట్టికోతను ఆపుతుంది గానీ లేత చెట్లకు అందవలసిన నీటిని, వెలుతురును లాగేసుకుంటుంది కనుక, గడ్డిని పలుచగా చల్లి పప్పుజాతి మొక్కలతో మొదలుపెట్టడం మేలా? పక్కనున్న అడవి మట్టిని కొద్దిగా గుంతల్లో వేస్తే శిలీంధ్రాలు తిరిగి స్థిరపడతాయా, ఆ అడవికి హాని కలగకుండా ఎంత తీసుకోవచ్చు?